తక్కువ తిరిగిన బండి

వాడిన కారు కొనడానికి పోయినవాళ్లకు ముందు ఎదురయ్యేది కారు కాదు, దాని కంపు. ఆ కంపు తెలియకుండా అమ్మేవాడు నిమ్మకాయ వాసన డబ్బా ఒకటి తెచ్చి అద్దం కింద పెడతాడు. అప్పుడు ఒక కంపు రెండవుతుంది. పోయిన వానాకాలంలో నేను వరసగా నాలుగు ఆదివారాలు ఆ గాలి పీల్చాను. యాభై రెండేళ్ల మనిషివి, జూనియర్ కాలేజీలో పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకునేదానివి, నీకిదేం పీడ అని మొహం మీదే అడిగినవాళ్లు కొందరు. అడగకుండా చాటుగా నవ్వుకున్నవాళ్లు చాలామంది.

నాకు కావలసింది స్పోర్ట్స్ కారు. రెండే సీట్లుండాలి, కాలు ఆనించగానే ముందుకు దూకాలి. కొత్తది కొనే తాహతు లేదు కాబట్టి పాతదే. ఎందుకో సిగ్గుపడకుండా చెబుతాను. నా భర్త పోయి ఆరేళ్లయింది. ఆయన పోయిన దినం నుంచి మావాళ్లు నన్ను వెనక కూర్చోబెడుతున్నారు. ఎవరి కారు ఎక్కినా వెనక సీటు. ఏ పెళ్లికి పోయినా వెనక వరస. ఎక్కడికన్నా బయలుదేరేటప్పుడు నేను ఎదురు రాకూడదని, "అక్కా, నువ్వు జర లోపటికి పో" అంటారు. ఎంతో మర్యాదగా అంటారు. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్లంతా రోత పుడుతుంది. అందుకని వెనక సీటే లేని బండి ఒకటి కొనుక్కుని, స్టీరింగు ముందు నేనే కూర్చుని, ఆదివారం పొద్దున్నే వనపర్తిలో బయలుదేరి, పెబ్బేరు దగ్గర హైవే ఎక్కి, బీచుపల్లి వంతెన మీద కృష్ణను దాటి రావాలనుకున్నాను. ఇంతకు మించి నాకే గొప్ప ఆశా లేదు.

నడపడం వచ్చు. డ్రైవింగ్ స్కూలాయన పెద్దమందడి రోడ్డు మీద నెల రోజులు నేర్పాడు. నేర్పినన్నాళ్లూ తన వైపున్న బ్రేకు మీద నుంచి కాలు తియ్యలేదు. స్టాఫ్ రూములో ఈ సంగతి తెలిశాక నాకు సలహాలు ఇవ్వనివాళ్లు లేరు. "మేడం, మన ఊర్లల్ల ఎవని ఇంటి ముంగట వాడే స్పీడ్ బ్రేకర్ కట్టుకుంటడు. మీ బండి దాని మీద కడుపు ఆనిచ్చి పంటది" అన్నాడు లెక్కల సారు. అది మాత్రం నిజమే. అది చాలదన్నట్టు పంట చేతికొచ్చే రోజుల్లో సగం రోడ్డు మీద మక్కలు, వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. అయినా హైవే దాకా ఎట్లాగో పాక్కుంటూ పోతాననుకున్నాను.

గద్వాలలో మా తమ్ముడికి ట్రాక్టర్ స్పేర్ పార్టుల దుకాణం ఉంది. నాకంటే ఆరేళ్లు చిన్న. నేనంటే ప్రాణం, ఆ మాట ఒప్పుకోవాలి. వాడిని వెంటబెట్టుకుని తిరగక తప్పలేదు. ఎందుకంటే ఆడమనిషి ఒక్కతే పోతే ఇక్కడ బండి బానెట్ కూడా ఎత్తి చూపించరు.

మొదటి ఆదివారం నాగర్‌కర్నూల్. ప్లాట్ల వ్యాపారం చేసే ఒకాయన షెడ్డులో పసుపుపచ్చ కారు ఉంది. నేను దాని చుట్టూ తిరుగుతుంటే ఆయన మా తమ్ముడితో మాట్లాడుతున్నాడు. కాసేపటికి నా వైపు తిరిగి, "ఎవరికి మేడం, బాబుకా?" అన్నాడు.

"నాకు పిల్లల్లేరు. నాకే."

ఆయన నవ్వాడు. నన్ను చూసి కాదు, మా తమ్ముణ్ని చూసి. "అన్నా, అక్క మస్తు జోకులేస్తది" అన్నాడు. తరువాత ఇంజను స్టార్ట్ చేసి, నిలబడ్డచోటే ఎక్సలేటరు తొక్కి, సైలెన్సర్‌లోంచి ఢాం ఢాం అని పేలుళ్లు వినిపించాడు. పక్కింట్లో పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు వినబడ్డాక ఆయన మొహంలో కనబడ్డ ఆనందం చూసి నాకు చీదర వేసింది. తలుపు లోపలి వైపు గుట్కా మరకలు కాలువలు కట్టి ఉన్నాయి. బ్యాంకువాళ్లు పట్టుకుపోతారని ముందే అమ్ముతున్నాడని తరువాత తెలిసింది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె.

మానవపాడులో చూసిన రెండోది ఇంకా ఘోరం. విత్తనాల కోసం పండించే సీడ్ పత్తిలో బాగా సంపాదించిన ఒకాయన హైదరాబాదు నుంచి నీలం రంగు బండి తెచ్చుకుని, దాంట్లో చేనుకు పురుగుమందు డబ్బాలు మోశాడు. డబ్బాలు ఎప్పుడో కారాయి. ఆ మందు కంపుకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "అద్దాలు దించుకుంటే ఏం గాదు మేడం, హవా తగుల్తే పోతది" అన్నాడు. నాలుగేళ్లుగా ఆ హవా తగులుతూనే ఉందని, కంపు మాత్రం పోలేదని ఆయన మొహమే చెబుతోంది. మూడో ఆదివారం చూసినదాని గురించి రాయడం కూడా దండగ. సీట్ల మీద ఎలుకలు ఈనిన గుర్తులున్నాయి.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. వినేది ఆడదైతే ఇక ఆ లోకువకు అంతే లేదు. ఇంటికి వచ్చి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, ఇంత రోత పడి కొనాల్సిన అవసరం నాకేమిటని మానుకుందామనుకున్నాను కూడా. ఆ వారంలోనే తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, నీకు నచ్చిన బండి అమ్ముతుండంట. గద్వాలలనే. ఐతారం పొద్దుగాల్నే రా."

నాకు నచ్చే రకం బండి అనుకున్నాను. బస్సెక్కి పోయాను.

ఐజ రోడ్డు మీద ఒక టెంట్ హౌస్. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఇంటి కప్పంత ఎత్తు పేర్చి ఉన్నాయి. చుట్టిన కార్పెట్లు, అడుగు మాడిన పెద్ద పెద్ద గంజులు. వాటి వెనక, గుడ్డ కప్పి, ఆ బండి. ఓనరు బొద్దుగా ఉండే పెద్దమనిషి. గుడ్డ లాగుతూ, "మీరే నడుపుతరా మేడం? మంచిది" అన్నాడు. నాలుగు ఆదివారాల్లో నన్ను చూసి మాట్లాడిన మొదటి మనిషి ఆయనే.

బండి ఎర్రది. పైకప్పు వెనక్కి మడుచుకుంటుంది. కూర్చుంటే నేల చేతికందేంత కిందికి ఉంటుంది. తలుపు వేసుకోగానే బయటి లోకం కుర్చీల కాళ్ల దాకా మాత్రమే కనబడింది. నాకు అది విపరీతంగా నచ్చింది. ఈ వయసులో ఒక వస్తువు మీద ఇంత మోజు పుడుతుందని నేను అనుకోలేదు.

"మీటర్ సూడుండ్రి మేడం. నేను చెయ్యి వెట్టలే. షోరూం బుక్కు గూడ ఉన్నది, కలిపి సూసుకోండ్రి."

చూశాను. సర్వీసు పుస్తకంలో రాసిన అంకెకూ మీటరులో ఉన్న అంకెకూ పెద్ద తేడా లేదు. ఈయన కొన్న తరువాత బండి దాదాపు కదలలేదన్నమాట.

"ఇంత తక్కువెందుకు తిరిగింది?"

"ఊరికెనే బైటికి తీయను మేడం. అక్కర వడ్డప్పుడే తీస్త."

మా తమ్ముడు మీటరు వైపు చూసి గర్వంగా తలాడించాడు. మా ప్రాంతంలో పాత బండి కొనేవాళ్లు చూసేది అదొక్కటే. ఎన్ని తిరిగింది? తక్కువ తిరిగిందంటే ఇక వేరే ప్రశ్న ఉండదు. ఫిజిక్స్ చెప్పే నేను కూడా వేరే ప్రశ్న అడగలేదు.

నేను పొట్టిదాన్ని. క్లచ్ అందాలంటే సీటు ముందుకు జరపాలి. సీటు కింద కడ్డీ పట్టుకుని లాగితే కరకరమని ఆగిపోయింది. కింద ఏదో అడ్డుపడిందని చెయ్యి పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది. పసుపు బియ్యం పిడికెడు వచ్చింది. దాంతోపాటు వెండి కాగితం ముక్కలు, కుళ్లి నల్లబడిన బంతిపూల రేకులు, నమిలి ఊసిన పాన్, విరిగిన గాజు ముక్క. అన్నింటినీ కలిపి పట్టుకున్న ఒక జిగట. ముక్కు దగ్గరికి తెచ్చుకోకుండానే తెలిసింది, ఎవడో తాగి కక్కినది ఎండిపోయింది. చేతిరుమాలుతో తుడుచుకుని, ఆ చేతిరుమాలును అక్కడే పారేశాను. మామూలుగా అయితే ఆ క్షణమే దిగిపోయేదాన్ని. కానీ మోజు పడ్డాను కదా. ఎవరి పెళ్లికో ఒకసారి ఇచ్చి ఉంటాడులే, కడిగిస్తే పోతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

"ఒక్కసారి నడిపి సూస్త" అన్నాను.

తమ్ముడు పక్కన కూర్చున్నాడు. ఎర్రవల్లి దిక్కు పోనిచ్చాను. రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలు, పూలకు చేత్తో పుప్పొడి అద్దుతూ క్రాసింగ్ చేస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి మమ్మల్ని చూశారు. ఒకామె చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. మొహానికి గాలి కొడుతోంది. ఆ కాసిన్ని నిమిషాలు నేను సంతోషంగా ఉన్నాను, అబద్ధం ఎందుకు?

రోడ్డు ఖాళీ అయ్యాక నాలుగో గేరు వేసి కాలు ఆనించాను. ఇంజను పెద్దగా అరిచింది. ఇంజను తిరుగుడు చూపే ముల్లు సరసర పైకి పాకింది. బండి మాత్రం ఎంత వేగంలో ఉందో అంతే వేగంలో ఉండిపోయింది. ఇంకా తొక్కాను. అరుపు పెరిగింది, వేగం పెరగలేదు. వెంట్రుకలు కాలినట్టు కంపు లోపలికి వచ్చింది. రోడ్డు పక్కకు తీసి ఆపేశాను.

"ఏమైంది అక్కా, ఎందుకాపినవ్?"

"క్లచ్ కాలిపోయిందిరా. ఇంత తక్కువ తిరిగిన బండికి క్లచ్ ఎట్ల కాల్తది?"

"అగో, బరాత్ బండి గద అక్కా" అన్నాడు వాడు తేలిగ్గా. "మనుషుల నడక మీద పోతది. క్లచ్ వోకుంటే ఏమైతది మల్ల? దాందేముంది, కొత్తది ఏపిస్త. నువ్వు పరేషాన్ గాకు."

మనుషుల నడక మీద. అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. మా దగ్గర పెళ్లయ్యాక పెళ్లికొడుకును, పెళ్లికూతురును పైకప్పు లేని బండిలో నిలబెట్టి ఊరేగిస్తారు. ముందు డీజే బండి, దాని ముందు ఎగిరే జనం. వాళ్లు ఒక్కో పాటకు ఒక్కో చోట ఆగుతారు. బండి అడుగు కదలాలి, ఆగాలి, మళ్లీ అడుగు కదలాలి. డ్రైవరు క్లచ్ సగం తొక్కిపెట్టి గంటలకు గంటలు అట్లాగే కూర్చుంటాడు. క్లచ్ అంటే రెండు పళ్లేలు. గట్టిగా పట్టుకుంటే ఇంజను బలం చక్రాలకు పోతుంది. సగం వదిలితే ఒకదాన్నొకటి రాసుకుంటూనే ఉంటాయి, వేడెక్కి అరిగిపోతాయి. రాపిడి గురించి ఇరవై ఏడేళ్లుగా బోర్డు మీద బొమ్మలు గీసి చెబుతున్నదాన్ని నేను. మీటరు అబద్ధం చెప్పలేదు. చక్రాలు తిరిగితేనే అది లెక్కపెడుతుంది. ఈ బండి మూడు జిల్లాల పెళ్లిళ్లన్నీ చేసి, కిలోమీటరు దూరానికి నాలుగు గంటల చొప్పున ఉడికిపోయి, పైకి కన్నెపిల్లలా తయారై కూర్చుంది. పైన పటారం, లోన లొటారం. ఓనరు కూడా అబద్ధం చెప్పలేదు. అక్కర పడ్డప్పుడే తీశాడు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. "బరాత్ బండి అని నాకు ముందుగాల ఎందుకు జెప్పలే?"

తమ్ముడు నా వైపు విచిత్రంగా చూశాడు. "చెప్పేదేముందక్కా? నీకెరుకనే గద. మనోని పెండ్లికి గూడ గిదే బండి. నువ్వు గూడ దీని ముంగట మస్తు ఎగిరినవ్. నీకు నచ్చిందనే గద, అమ్ముతుండంటె ఫోన్ జేసిన."

నేను ఎగరలేదు. నేను ఆ బండిని అంతకు ముందు చూడలేదు.

మనోడంటే వాడి కొడుకు, నా ఒక్కగానొక్క మేనల్లుడు. పెళ్లి ఏడాది కింద గద్వాలలోనే అయింది. పెళ్లికొడుకు బండి ఎక్కేటప్పుడు మేనత్త హారతి ఇవ్వాలి. ఇంకో గంటలో బరాత్ అనగా మా మరదలు వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "వదినా, గదిల నగలున్నయ్, సామాన్లున్నయ్. ఎవల్ని నమ్మాలన్న భయమైతది. నువ్వుంటె మాకు రంది ఉండదు" అంది. నాకు అర్థమైంది. నాకు అర్థమైందని ఆమెకూ తెలుసు. హారతి మా పెదనాన్న కూతురు ఇచ్చింది. హారతి ఇచ్చే మేనత్తకు పెట్టాలని కొన్న చీర కూడా ఆమెకే పోయింది. నేను ఫంక్షన్ హాలు గదిలో పదకొండు సూట్‌కేసుల మధ్య కూర్చుని, గోడ అవతల డీజేకి కిటికీ అద్దాలు అదురుతుంటే, ఎవరో పంపిన ప్లేటులోని బిర్యానీ తిన్నాను. ఇప్పుడు తలచుకుంటే అందరికంటే ఎక్కువ రోత నా మీద నాకే. పోనని ఒక్క మాట అనలేదు. తలాడించి కూర్చున్నాను.

ఇదంతా మరదలి పని, ఊరి వాళ్ల పని, మా తమ్ముడికి మనసులో బాధ ఉండే ఉంటుందని ఏడాదిగా అనుకుంటూ వచ్చాను. వాడు నోరు తెరిచి చెప్పలేడులే అని వాడి తరఫున నేనే సర్దుకున్నాను. వాడికి బాధ లేదు. ఎందుకు లేదంటే నేను అక్కడ లేనన్న సంగతే వాడికి తెలియదు.

"నేను ఆడ లేనురా" అన్నాను.

"ఎందుకు లేవు? ఉన్నవ్."

"నన్ను గదిల కూసోవెట్టిన్రు. మీ సామాన్లకు కావలి."

"గదిలనా? ఏ, ఊకో అక్కా. నాకు బాగ యాదికున్నది. ఆకుపచ్చ చీర గట్టుకున్నవ్. నా చెయ్యి వట్టుకోని గుంజినవ్ ఎగరనీకి."

ఎవరి చెయ్యి పట్టుకుని ఎగిరాడో నాకు తెలియదు. నేను ఆ రోజు బూడిద రంగు చీర కట్టుకున్నాను. బండి తిప్పాను. చిన్న గేరులో మెల్లగా నడిపించుకొచ్చాను. చేలల్లో ఆడవాళ్లు మళ్లీ తలెత్తి చూశారు.

టెంట్ హౌస్ ముందు బండి ఆపి తాళం చెవి ఓనరు చేతిలో పెట్టాను. క్లచ్ మార్చుకుంటే అది మంచి బండే, ఆ మాట నాకూ తెలుసు. ఇంజనులో లోపం లేదు. సీటు కింద గలీజంతా కడిగిస్తే పోతుంది. అయినా ఆ బండిలో కూర్చుని వంతెన దాటితే నాకు కనబడేది కృష్ణ కాదు. "వద్దండి" అన్నాను. ఆయన బతిమాలలేదు, కోపగించుకోలేదు. "మీ ఇష్టం మేడం, ఛాయ్ తాగి పోండ్రి" అని లోపలికి కేకేశాడు.

తమ్ముడు మాత్రం బండి దిగీ దిగగానే ఫోన్ తీశాడు. పెళ్లి వీడియో అందులోనే ఉంది. "ఆగక్కా, సూపిస్త. నువ్వు మర్చిపోయినవ్" అంటూ కార్పెట్ చుట్ట మీద కూర్చుని బరాత్ దగ్గరికి జరిపాడు. డీజే మోత ఆ చిన్న ఫోన్‌లోంచి కీచుగా బయటికి వస్తోంది. ముందుకు జరిపాడు, వెనక్కి జరిపాడు. ఒకచోట ఆపి, రెండు వేళ్లతో పెద్దది చేసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. కాదు. మళ్లీ నడిపాడు. మొదట నవ్వుతూనే వెతికాడు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. మొత్తం అయిపోయాక మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. వదిలెయ్‌రా అన్నాను. వదల్లేదు.

ఓనరు ఛాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చి వాడి భుజం మీదుగా ఫోన్‌లోకి తొంగి చూశాడు. తన బండిని గుర్తుపట్టి సంబరపడ్డాడు.

"ఎవల్ని దేవులాడుతున్నవ్ అన్నా?"

"మా అక్కను" అన్నాడు మా తమ్ముడు, తలెత్తకుండా.

నేను వాడి ముందే, ఛాయ్ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను.